పెండ్లి బొమ్మ నడక: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

ఆ.వె.
కోరు లెన్ని యున్న కొఱగావు మెమరి లే
కున్న; డిస్కు జాగు కొంప ముంచు;
కెమెర రాసినట్టి కీలెఱుంగక కొన్న
పెండ్లి బొమ్మ నడచు బెదరి బెదరి.

అవతారిక

ఈ పద్యం ఏ కావ్యంలోదీ కాదు. పరుల పద్యానికి టీక రాస్తే కవి నొచ్చుకుంటాడని టీకాకారుడే ఒకటి అల్లుకున్నాడు. మూలంలో లేని ముక్క ఒక్కటీ రాయనని సంస్కృత వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఈ టీకకు ఆ పట్టింపు లేదు. ఇందులో మూలంలో లేనిదే ఎక్కువ.

కాలం 2010 ప్రాంతం. సోనీ, పానసోనిక్ కలిసి 2006లో ఏవీసీహెచ్‌డీ అనే వీడియో రికార్డింగ్ పద్ధతి తెచ్చాక, పెళ్ళి వీడియోల వాళ్ళు మెల్లమెల్లగా టేపు కెమెరా పక్కనపెట్టి కార్డు కెమెరా ఎత్తుకున్నారు. చిక్కు అక్కడే మొదలైంది. సెకనుకు 25 మెగాబిట్లు రాసే పాత డీవీ టేపును పెంటియం 4 ప్రాసెసరు హాయిగా మింగేది. అంతకన్నా ఒకటి తక్కువ, 24 మెగాబిట్లు రాసే కొత్త కార్డు దగ్గర గుడ్లు తేలేసింది. కొత్త సిస్టమ్ కట్టించుకుందామని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కు వచ్చి, చేతిలో నాలుగు కొటేషన్ చీటీలతో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్ల మీద నిలబడ్డ మిక్సింగ్ కుర్రవాణ్ణి ఉద్దేశించి కవి పలికిన మాట ఇది.

ప్రతిపదార్థం

కోరులు = ప్రాసెసరు లోపలి కోరులు; ఎన్ని = నాలుగైనను, ఎనిమిదైనను; ఉన్నన్ = ఉన్నప్పటికిని; మెమరి = ర్యాము; లేకున్నన్ = చాలినంత లేనిచో; కొఱగావు = పనికిరావు; డిస్కు జాగు = హార్డ్ డిస్కు చేయు ఆలస్యము; కొంప ముంచున్ = డెలివరీ తేదీ దాటించి పెళ్ళివారిచేత తిట్టించును; కెమెర = క్యామ్‌కార్డరు; రాసినట్టి = కార్డు మీద లిఖించిన; కీలు = కిటుకు; ఎఱుంగక = తెలియక; కొన్నన్ = బేరమాడి కొన్నచో; పెండ్లి బొమ్మ = వివాహ దృశ్యము; బెదరి బెదరి = ఆగి ఆగి, ఉలికి ఉలికి; నడచున్ = టైమ్‌లైను మీద సాగును.

తాత్పర్యం

కెమెరా ఏమి రాస్తోందో ముందు తెలుసుకో. తర్వాత కంప్యూటరు కొను.

విశేషాలు

మూడో పాదంలోని ‘కీలు’ ఈ పద్యానికి ప్రాణం. హెచ్‌డీ బొమ్మ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు, వెరసి 20,73,600. చుక్కకు మూడు బైట్ల లెక్కన ఒక్క ఫ్రేముకు 62 లక్షల బైట్లు. సెకనుకు 25 ఫ్రేములు గనక 15 కోట్ల బైట్ల పైమాట. ఇంత సరుకునూ కెమెరా సెకనుకు 3 మెగాబైట్లలో కుక్కేస్తుంది. ప్రతి ఫ్రేమునూ పూర్తిగా రాయదన్నమాట. ఒకదాన్ని నిండుగా రాస్తుంది, అది ఐ ఫ్రేము. దాని తర్వాతి పి ఫ్రేములో మారినంత మేరకే రాస్తుంది. బి ఫ్రేము ఇంకా గడుసుది: వెనకటిదీ రాబోయేదీ రెండూ చూస్తేగానీ అర్థం కాదు. కర్త మొదట్లో, క్రియ అరపుట అవతల, నడుమ బిగించిన సమాసాలు ఉండే ప్రబంధ వచనం లాంటిది ఈ రాత. మధ్యలో వేలు పెట్టి ‘ఇక్కడ అర్థమేమి?’ అంటే ఎంత పండితుడైనా మొదటికి పోయి అన్వయించుకుంటూ రావాల్సిందే. ఎడిటింగ్ అంటే పొద్దస్తమానం మధ్యలో వేలు పెట్టడమే కదా!

డీవీ టేపులో ఈ బాధ లేదు. ఏ ఫ్రేముకు ఆ ఫ్రేము సంపూర్ణ వాక్యం. పెంటియం 4 గుట్టు అదీ.

‘బెదరి బెదరి’ అన్నది ఎలా ఉంటుందంటే: మధుపర్కాల షాటు నుంచి జీలకర్రబెల్లానికి కట్ పెట్టి కుర్రవాడు స్పేస్‌బార్ నొక్కుతాడు. గట్టిమేళం మోగుతూనే ఉంటుంది. పెళ్ళికొడుకు చెయ్యి మాత్రం పెళ్ళికూతురి నడినెత్తికి జానెడు దూరంలో గాలిలో నిలిచిపోతుంది. కాసేపటికి బొమ్మ ఒక్క గెంతు గెంతుతుంది, ముహూర్తం దాటిపోయి ఉంటుంది. తలంబ్రాల దగ్గర ఇంకా ఘోరం. పసుపు బియ్యం ప్రతి గింజా ఒక్కో దిక్కుకు ఎగురుతుంటే ‘ఇంతకుముందు లాగే’ అని రాయడానికి ఫ్రేములో ఏమీ మిగలదు. కెమెరాకు రాయడమూ కష్టమే, కంప్యూటరుకు చదవడమూ కష్టమే.

దీనికి విరుగుడు దండాన్వయం, అంటే పద్యాన్ని వచనం వరసలో పేర్చుకోవడం లాంటిది. కార్డులోని రాతను ముందే విప్పి, ఏ ఫ్రేముకు ఆ ఫ్రేము విడిగా నిలిచే మరో రాత పద్ధతిలోకి, అంటే మరో కోడెక్‌లోకి మార్చుకోవడం. ఆపిల్ వారి ప్రోరెస్ 422 అలాంటిదే, 2007లో వచ్చింది. కార్డు మీద గంటకు 11 జీబీ ఉన్న పెళ్ళి ప్రోరెస్‌లో 55 జీబీ అవుతుంది. కానీ చిన్న ఫైలు దగ్గర మొరాయించిన సిస్టమే పెద్ద ఫైలును చకచకా నడిపిస్తుంది. ఇది విరోధాభాసాలంకారం. లక్షణ గ్రంథాల్లో దీనికి ఉదాహరణలు చాలా ఉన్నాయి గానీ, ఇంత డబ్బు మిగిల్చే ఉదాహరణ ఇంకొకటి లేదు. అంత డిస్కు పెట్టలేనివాడు ప్రాక్సీలు చేసుకోవచ్చు: చిన్న సైజు నకళ్ళ మీద కోతలన్నీ కానిచ్చి, రెండరింగ్ వేళకు అసలు ఫైళ్ళకు తిరగడం.

పూర్వపక్షం: ‘డిస్కు జాగు’ అని కవి ఎందుకన్నాడు? కార్డు రాతకు సెకనుకు 3 మెగాబైట్లు చాలు. నిమిషానికి 5400 చుట్లు తిరిగే నాసి డిస్కయినా ఇవ్వగలదు. ఆక్షేపణ న్యాయమే. సమాధానం: అన్వయించిన ప్రోరెస్ సెకనుకు 15 మెగాబైట్లు. మండపంలో మూడు కెమెరాలుంటే 45. పైగా విండోసూ, ఫుటేజీ, రెండరింగ్ ఫైలూ మూడూ ఒకే డిస్కు మీదుంటే దాని ముల్లు మూడు చోట్లకూ పరుగెత్తలేక చస్తుంది. అందుచేత విండోసుకు ఒకటి, ఫుటేజీకి వేరొకటి. ఎస్సెస్డీలు వచ్చాక ముల్లే లేకుండా పోయింది గనక ఈ పాదం పదును కొంత తగ్గింది. కవికి భవిష్యత్తు తెలియదు, క్షమించాలి.

‘మెమరి’ అని హ్రస్వాంతంగా వాడాడు. ఛందస్సుకు ఒదగాలని కవి మెమరీలో ఒక మాత్ర కోసేశాడు. కొనేవాడు మాత్రం కోయరాదు. ఆనాటి 32 బిట్ల విండోసుకు 4 జీబీకి మించి ర్యాము పెట్టినా అక్కరకు రాదు. ఇది తెలియక 8 పెట్టించుకుని, పాత సీడీతోనే విండోసు వేయించుకున్నవాళ్ళున్నారు.

గ్రాఫిక్స్ కార్డు ఊసే ఎత్తలేదేమని శిష్యులు అడుగుతారు. బుద్ధిపూర్వకమైన మౌనం. 2010లో వచ్చిన ప్రీమియర్ ప్రో సీఎస్5 అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కలర్ కరెక్షన్, సైజు మార్చడం వంటి పనులను ఎన్‌విడియా కార్డుకు అప్పజెప్పింది గానీ, ఏవీసీహెచ్‌డీ అన్వయం ప్రాసెసరు నెత్తినే మిగిలింది. ‘ఈ కార్డు మీద గేమ్‌లు అదిరిపోతాయి సార్’ అన్నది వేరే శాస్త్రం.

‘కోరులెన్ని యున్న’ అనడంలో బిరుదులు చూసి మోసపోవద్దన్న ధ్వని కూడా ఉంది. 2008 నాటి ఇంటెల్ ఐ7కూ 2011 జనవరిలో వచ్చిన శాండీ బ్రిడ్జ్ ఐ7కూ పేరొకటే. ఏవీసీహెచ్‌డీ వాడే హెచ్.264 రాతను విప్పడానికీ, కూర్చడానికీ విడిగా అమర్చిన క్విక్ సింక్ అనే భాగం రెండోదానిలో ఉంది, మొదటిదానిలో లేదు. నేటి ఇంటెల్ ప్రాసెసర్ల పేరు చివర ‘ఎఫ్’ ఉంటే లోపలి గ్రాఫిక్స్ లేనట్టే, క్విక్ సింక్ కూడా లేనట్టే. కొటేషన్ చీటీలో ఆ ఒక్క అక్షరం మీద వేలుంచి అడగాలి.

నేటి పాఠకులు ‘కెమెర’ అన్నచోట మిర్రర్‌లెస్ అనీ, ఏవీసీహెచ్‌డీ అన్నచోట హెచ్.ఇ.వి.సి. అనీ చదువుకోవచ్చు. అర్థం చెడదు. రంగును మరింత వివరంగా రాసే 10 బిట్ల 4:2:2 హెచ్.ఇ.వి.సి.ని ఇంటెల్ 11వ తరం చిప్పులు విప్పగలిగినా, ఎన్‌విడియా కార్డులకు ఆ విద్య 2025లో 50 సిరీస్‌తోగానీ అబ్బలేదు. అంతవరకూ లక్ష పోసి కార్డు కొన్నవాళ్ళ పెళ్ళి బొమ్మలూ బెదురుతూనే నడిచాయి.

ఛందస్సు: ఆటవెలది. యతులు కో–కొ, కు–కొ, కె–కీ, పె–బె. అన్నీ కుదిరాయి.

ఫలశ్రుతి

అయ్యా, అడ్వాన్సు ఇవ్వకముందే మీ కెమెరా కార్డు జేబులో వేసుకుని కొట్టుకు వెళ్ళండి. కొట్టువాడి డెమో వీడియో చూడకండి. మీ ఫుటేజీలోంచి తలంబ్రాల క్లిప్పు తీసి, మీరు కొనబోయేలాంటి సిస్టమ్ మీదే, మీరు వాడే సాఫ్ట్‌వేర్‌లోనే, మూడు వరసల్లో పెట్టి ఆడించమనండి. నడిస్తే డబ్బు కట్టండి. బెదిరితే పక్క కొట్టుకు నడవండి.