అందాజా టన్నులు

కోకాపేట, తెల్లాపూర్ వైపు కొత్తగా లేస్తున్న విల్లాల్లో కొలతకు అందని వస్తువంటూ ఉండదు. సింహద్వారం ఎత్తు, మెట్ల లెక్క, పూజగది లోతు అన్నీ వాస్తు సిద్ధాంతిగారు టేపు పట్టి చూసినవే. ఆయం కుదరలేదని కట్టిన గోడను మూడంగుళాలు జరిపించే పుణ్యాత్ములున్నారు. మాడ్యులర్ కిచెన్ వాడైతే లేజరు పెట్టి మిల్లీమీటర్లలో మాట్లాడతాడు. ఇంత కొలతల ఇంట్లోకి చిట్టచివర ఏసీ కుర్రాడు వస్తాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే లోపలికి ఓ చూపు పారేసి, "హాలుకు రెండు టన్నులు సార్, బెడ్రూముకు ఒకటిన్నర" అనేస్తాడు. టేపు తియ్యడు, కిటికీలు లెక్కపెట్టడు. పడమర ఎటని కూడా అడగడు. అది సిద్ధాంతిగారి శాఖ.

ఏసీ టన్ను యంత్రం బరువు కాదు. ఒక అమెరికా టన్ను, అంటే 907 కిలోల మంచు, 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో, ఆ వేగంతో గదిలోని వేడిని బయటికి తోసే శక్తి. మన లెక్కలో సుమారు మూడున్నర కిలోవాట్లు. కాబట్టి అడగాల్సింది గదిలోకి వేడి ఎంత వస్తోందని. కానీ కొట్లో మంత్రం ఒక్కటే: 120 చదరపు అడుగులకు టన్ను. ఎండంతా నెత్తిన మోసే స్లాబు కింది గదికీ, పై అంతస్తు నీడలో ఉత్తరానికి తిరిగిన గదికీ అదే మంత్రం. ఏప్రిల్లో పెదవులు పగిలే హైదరాబాదుకూ, కృష్ణ ఒడ్డున ఉక్కకు చొక్కా వీపుకంటుకునే బెజవాడకూ అదే.

ఆ వేడి ఎక్కణ్ణించి వస్తోందో ఇంటాయనే చూపిస్తాడు, అదీ గర్వంగా: "సూర్యాస్తమయం కనపడాలని హాలుకు పడమర వైపు మొత్తం గ్లాసు పెట్టించాం." సజ్జ? "వేస్తే ఎలివేషన్ చెడుతుందన్నారు." గోడలూ కిటికీల మీదుగా ఇంట్లోకి చేరే వేడి చదరపు మీటరుకు సగటున 15 వాట్లు దాటకూడదని, మనలాంటి వేడి ప్రాంతాల ఇళ్ల కోసం కేంద్రం 2018లోనే ఎకో నివాస్ సంహిత అని ఒకటి రాయించింది. సంహిత అని పేరు పెట్టారు కదా, విప్పి చదివితే అపచారమని మనం పట్టుగుడ్డలో చుట్టి పెట్టుకున్నాం. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. డాబా మీద తెల్లరంగు పూయడమంటే చుట్టాలు చూడని పని. దానికి డబ్బు ఎవరు పెడతారు?

డబ్బు టన్నులకు పెడతారు. "వియ్యంకుల ఇంట్లో రెండు టన్నులుంటే మనకు ఒకటిన్నరా?" అని ఇంటావిడ అడిగాక భౌతికశాస్త్రం నోరు మూసుకుంటుంది. ఎక్కువైతే పోయేదేముంది, తొందరగా చల్లబడుతుందనుకుంటారు. చల్లబడుతుంది, నిజమే. ఎంత తొందరగానంటే, లోపలి చల్లటి కాయిల్ మీద గాలిలోని తేమ నీటిచుక్కలై జారి ట్రేలో పడేలోపే కంప్రెసర్ ఆగిపోతుంది. ఫ్యాను మాత్రం తిరుగుతూ ఆ తేమను మళ్లీ గదిలోకే ఊదుతుంది. గది చల్లగా, ఒళ్లు జిగటగా. బెజవాడ వాళ్లయితే అప్పుడు పద్దెనిమిదికి దించి రగ్గు కప్పుకుంటారు. 1902లో విల్లిస్ క్యారియర్ బ్రూక్లిన్ అచ్చాఫీసు కోసం ఈ విద్య కనిపెట్టింది తేమను అదుపు చెయ్యడానికే. తేమకు కాగితం సాగి రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేవి కావట. కాగితానికి దక్కిన ఆ మర్యాద మన చర్మానికి దక్కలేదు. "ఇన్వర్టర్ కదా, అదే తగ్గించుకుంటుంది" అంటారా? తగ్గించుకుంటుంది, తన కనిష్ఠం వరకు. ఆ కిందికి వెళ్లాల్సి వస్తే అదీ పాత బాణీలోనే ఆగి, మొదలై, ఆగి...

స్ప్లిట్ డబ్బా గోడ మీద కనపడటం నామోషీ అనుకునేవాళ్లకు, సీలింగులో దాక్కుని గొట్టాల్లోంచి గాలి పంపే డక్టబుల్ ఏసీ ఉంది. ఇక్కడ అసలు కథ ఇంటీరియర్ డిజైనరు చేతిలో ఉంటుంది. ఫాల్స్ సీలింగులో ప్రొఫైల్ లైట్లు, ఝూమర్ కొక్కెం, స్పీకర్లు పోగా మిగిలిన ఆరంగుళాలు డక్టుకు ప్రసాదిస్తాడు. అయిదున్నర టన్నుల యంత్రానికి టన్నుకు 400 చొప్పున నిమిషానికి 2,200 ఘనపుటడుగుల గాలి తిరగాలి. మొదటి డక్టులో నిమిషానికి 800 అడుగుల వేగం దాటకుండా, చప్పుడు లేకుండా అంత గాలి పోవాలంటే ఆరంగుళాల ఎత్తుకు అయిదున్నర అడుగుల వెడల్పు కావాలి. హాల్లో మిగిలింది రెండడుగులు. "సర్దుతాం సార్" అంటాడు డక్టు మేస్త్రి. సర్దుతాడు కూడా. మలుపు దగ్గర ఫ్లెక్సిబుల్ గొట్టాన్ని పిండిన తడిబట్టలా మెలిపెట్టి, బీము కింద నొక్కి, పైన జిప్సమ్ బోర్డు బిగించేస్తాడు. ఇక లోపల ఏముందో ఆ దేవుడికీ, ఎలకలకీ తెలియాలి.

గృహప్రవేశం నాడు హాలు గ్రిల్లు రైలింజనులా ఊదుతుంది. చివరి బెడ్రూములో కాగితం ముక్క కూడా కదలదు. ఆ గదిలోకి గాలి పంపడానికి గొట్టం ఉంది గానీ, వెనక్కి లాగడానికి దారి లేదు. టేకు తలుపు కింద గాలి చొరబడే సందు ఉంచితే వడ్రంగి పరువేం కావాలి? వానాకాలం వచ్చేసరికి, ఇన్సులేషన్ చిరిగిన చోట డక్టు చెమటపట్టి, తెల్లటి సీలింగు మీద టీ మరకలు తేలతాయి. స్లాబు లీకని తాపీ మేస్త్రిని తిడతారు. పాపం, ఈ ఒక్కదాంట్లో అతని తప్పు లేదు.

చివరి బెడ్రూముకు మందు రెడీగా ఉంది: విడిగా ఇంకో ఒకటిన్నర టన్నుల స్ప్లిట్. ఏసీ కుర్రాడు ఈసారి చెప్పులు కూడా విప్పకుండా రాసిచ్చాడు.

ఇలా పోగైన టన్నులన్నిటినీ చివరికి ఒకరు శ్రద్ధగా కూడారు. మంజూరైన లోడుకు మించి వాడుతున్నారు, అదనపు కిలోవాట్లకు డబ్బు కట్టండి అని కరెంటు వాళ్ల నోటీసొచ్చింది. ఇంటాయన దాన్ని పట్టుకుని ఏసీ కుర్రాడికి ఫోను చేశాడు.

"దానికేం కంగారు లేదు సార్. లోడు ఇంకో అయిదు కిలోవాట్లు ఎక్కువే పెంచించేయండి. మీ హోం థియేటరు రూముకు ఎలాగూ రెండు టన్నులు పడుతుంది."