బ్యాండుమేళం రంగుల పెన్నుని

నేను జర్మనీలోని హాంబర్గ్‌కి చెందిన మాంట్‌బ్లాంక్ కంపెనీ పెన్నుని. బీటిల్స్ సంగీత బృందం పేరుతో ఆ కంపెనీ 2017లో తెచ్చిన పెన్నుల్లో ఒకదాన్ని. నల్లగా, గంభీరంగా ఉండే మా వంశంలో నా ఒంటి మీద ఇన్ని రంగుల చారలేమిటని చూసినవాళ్ళు నివ్వెరపోతారు. ఉత్తరాంధ్రలోని యలమంచిలిలో మాత్రం ఎవరూ నివ్వెరపోలేదు. విదేశంలో ఉద్యోగం చేస్తున్న కొడుకు నన్ను తెచ్చి, రిటైరైన తన తండ్రి చేతిలో పెట్టాడు. ఆయన తెలుగు మాస్టారు. ఆ సాయంత్రం మాస్టారి పాత స్నేహితుడొకాయన వచ్చి నన్ను వెలుతురులో అటూ ఇటూ తిప్పి, “ఇదేటి మాస్టారూ, పెళ్ళి బ్యాండోళ్ళ కోటులాగుంది!” అన్నాడు.

నా గురించి పెన్నుల సేకర్తలు చాలా చెప్పారు. అసలు సంగతి పట్టుకున్నది ఆ స్నేహితుడే.

1967లో బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ అనే ఆల్బమ్ తెచ్చారు. తాము తాము కానట్టు, పాతకాలపు బ్యాండు వాళ్ళమైనట్టు ఊహించుకుని చేసిన పాటలవి. ఆ అట్ట మీద నలుగురూ మెరిసే శాటిన్ కోట్లు తొడుక్కుని నిలబడతారు. లెనన్‌ది పసుపు, మెకార్ట్నీది నీలం, హారిసన్‌ది ఎరుపు, రింగోది గులాబీ. భుజాలకు కుచ్చులు, ఛాతీ మీద జరీ పట్టీలు. నా రంగులకు మూలం ఆ కాలమే. ఆ కోట్లు బ్రిటిష్ సైనిక వాద్యబృందాల దుస్తులను చూసి కుట్టించుకున్నవి. ఆ సైనిక బ్యాండ్లే మన దేశానికీ వచ్చాయి. వాటి కోటూ టోపీ మన పెళ్ళి ఊరేగింపుల్లోకి దిగాయి. క్లారినెట్టూ ట్రంపెట్టూ కూడా వాటితోనే వచ్చి, సన్నాయి పక్కన చోటు సంపాదించుకున్నాయి. యలమంచిలి మెయిన్ రోడ్డు మీద వాయించుకుంటూ వెళ్ళే బ్యాండుమేళానికీ నా ఒంటి చారలకూ పుట్టిల్లు ఒకటే. అందుకే ఈ ఊళ్ళో నేను పరాయిదాన్ని కాలేదు.

విశాఖ నుంచి, హైదరాబాదు నుంచి అప్పుడప్పుడూ మాస్టారింటికి పెన్నుల మీద మమకారం ఉన్నవాళ్ళు వస్తుంటారు. వాళ్ళ తగవు చాలావరకు నా మీదే. “పెన్నంటే నల్లగా ఉండాలండీ. ఇది ఆటబొమ్మలా ఉంది” అంటారు కొందరు. వాళ్ళ మనసులో ఉన్నది మా పెద్దన్న మైస్టర్‌స్టుక్. 1924లో పుట్టాడు. మూత కొన మీద మంచు శిఖరాన్ని తలపించే తెల్లచుక్క, పాళీ మీద మా కంపెనీ పేరుకు మూలమైన మో బ్లా శిఖరం ఎత్తును చెప్పే 4810 అంకె. ఆయనంటే నాకూ గౌరవమే. కానీ హోదాకి గుర్తు నలుపొక్కటేనన్న మాట నేను ఒప్పుకోను. సంగీతం పేరు పెట్టుకున్న పెన్ను సంతోషంగా కనబడితే తప్పేముంది?

ఇంకొక ఆక్షేపణ ఇంతకన్నా బరువైనది. ఒక గొప్పవాడి పేరు తగిలించి ధర పెంచడం న్యాయమా అని అడుగుతారు. అలా అడిగినవాళ్ళంటే నాకు గౌరవం. 2009లో మా కంపెనీయే గాంధీజీ పేరుతో బంగారు పెన్ను తెచ్చింది. దండి యాత్ర మైళ్ళను సూచిస్తూ సరిగ్గా 241 చేసింది. ఒక్కొక్కటి పదకొండు లక్షల రూపాయల పైమాటే. దేశమంతా గొడవైంది, కేసు కోర్టుకెక్కింది. 2010లో ఆ పెన్ను అమ్మకం మన దేశంలో ఆగింది. ఆగడమే సబబు. గాంధీజీ కోరిన పెన్ను ఎలాంటిదో రాజమండ్రికి తెలుసు. దేశానికి పనికొచ్చే వస్తువు చెయ్యమన్న ఆయన మాట పట్టుకుని, కోసూరి వెంకటరత్నం గారు 1932లో అక్కడ స్వదేశీ పెన్ను చేశారు. అది అందుకుని, వాడి చూసి, 1935లో గాంధీజీ వార్ధా నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీని లేతు మీద తరిగి చేసిన అలాంటి రత్నం పెన్ను ఒకటి మాస్టారి బల్ల మీద నా పక్కనే ఉంటుంది. దాని ముందు నా ధర గురించి గొప్పగా చెప్పుకోవడానికి నాకు నోరు రాదు.

బీటిల్స్ సంగతి వేరు. రంగుల కోట్లు వాళ్ళు తామే కోరి తొడుక్కున్నారు. హారిసన్ మన రవిశంకర్ గారి దగ్గర సితారు నేర్చుకున్నాడు. ఆ ఆల్బమ్‌లోనే ఒక పాటకి మన వాద్యాలు మోగాయి. 1968లో నలుగురూ హృషీకేశ్ వచ్చారు. వాళ్ళ పేరున రంగుల పెన్ను రావడం వాళ్ళ స్వభావానికి విరుద్ధం కాదు.

ఇక మూడో రకం వాళ్ళున్నారు. “ఇంకు పొయ్యకండి మాస్టారూ. పెట్టెతో సహా దాచండి, రేపు రేటు పెరుగుతుంది” అంటారు. నా ఆయువు తీసే మాట ఇది. పాళీ కాగితాన్ని తాకకపోతే నేను పెన్నునే కాను. మాస్టారు ఆ సలహా వినలేదు. వచ్చిన రోజే ఇంకు నింపారు.

అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. నాది మీడియం పాళీ. జర్మనీ మీడియం కొంచెం లావుగానే రాస్తుంది. ఇంగ్లీషుకి అది సరిపోతుంది, సంతకానికి ఇంకా బావుంటుంది. తెలుగుకి నప్పదు. ‘క్ష్మ’ రాయాలన్నా, ‘జ్ఞ’ రాయాలన్నా, గుడి ఉన్న అక్షరానికి వత్తు పెట్టాలన్నా లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. చవకరకం నోటుబుక్కు కాగితమైతే ఇంకు పాకి అక్షరం ముద్దవుతుంది. సేకర్తలు నా రంగు మీద గంటలకొద్దీ వాదిస్తారు గానీ ఈ సంగతి అడిగినవాళ్ళు తక్కువ. మాస్టారు మందపాటి నున్నని కాగితం తెప్పించి, అక్షరం కొంచెం పెద్దది చేసి రాస్తున్నారు. గుండ్రటి మలుపుల దగ్గర మాత్రం నా బంగారు పాళీ ఆగకుండా జారుతుంది. తెలుగు రాయడంలో నాకు దొరికే సుఖం అదే.

ఒకనాడు జేబులో పెట్టుకుని నన్ను లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక తీసుకెళ్ళారు. యలమంచిలికి దగ్గరే, వరాహ నది ఒడ్డున ఉంది. అంకుడు కర్రను లేతుకి బిగించి తిప్పుతూ, రంగు కలిపిన లక్కకడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. పసుపు నుంచి పసుపు రంగు, జాఫ్రా గింజల నుంచి ఎరుపు, నీలి మొక్క నుంచి నీలం వస్తాయి. రసాయన రంగులు పిల్లల నోటికి ప్రమాదమని గుర్తించి, చెట్టూ చేమల రంగులను మళ్ళీ నిలబెట్టిన చింతలపాటి వెంకటపతిరాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నేను పుట్టింది కూడా ఆ ఏడాదే! అక్కడి బల్ల మీద లక్క వీణలూ, సన్నాయి వాయించే బొమ్మలూ చూశాను. ఆ రంగుల ముందు నా రంగులు ఏమాత్రం ఎక్కువ కావు.

సేకర్తలకు నేను చెప్పదలచింది ఒక్కటే ఉంది. సంగీతం పేరిట పెన్ను కావాలని మీరు హాంబర్గ్ వైపు చూస్తున్నారు. విజయనగరం మహారాజా సంగీత కళాశాలకు ఆచార్యుడై, ప్రిన్సిపాలై, వయొలిన్‌కి ఉత్తరాంధ్రను చిరునామా చేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పేరున ఒక పెన్ను ఎందుకు ఉండకూడదు? పనసకర్రతో తొలిచే బొబ్బిలి వీణ పేరున ఎందుకు ఉండకూడదు? లోపల ఇంకు నిలిచే గొట్టానికి రాజమండ్రి ఎబొనైట్, పైన తొడుగుకి ఏటికొప్పాక అంకుడు కర్ర, దాని మీద లక్క. ఇంకు కర్రకి తగలదు, కాబట్టి చెడదు. పాళీ మాత్రం సన్నగా, వత్తులు విడిగా కనబడేలా ఉండాలి. డబ్బు పెట్టే శక్తి మీకుంది, చేసే చేతులు ఇక్కడున్నాయి. వెళ్ళి అడగండి, బయానా ఇచ్చి చేయించుకోండి. చేయించుకున్నాక పెట్టెలో దాచకండి, ఇంకు పోసి రాయండి.