ఫొటోలో పడని పనులు

సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్ నుంచి ఎల్బీనగర్ దాకా వెళ్తే దారి పొడవునా జిమ్ములే. పాటల మోత బస్సులోకి కూడా వినిపిస్తుంది. రోజూ అంత ఇనుము లేచి దిగుతున్నా మా కాలనీ కుర్రాళ్ల టీషర్టు సైజు మాత్రం కదలదు. కదిలినా పొట్ట దగ్గరే. కారణం నాకు తెలిసినంతలో ఒక్కటే. ఫొటోలో పడే పనులన్నీ మనవాళ్లు చేస్తారు. కండ పెరిగేదేమో ఫొటోలో పడని పనులతో.

మా మేనల్లుడినే తీసుకోండి. ఛాతీ, చేతులు అంటే ఎగిరి గంతేస్తాడు. కాళ్ల వంతు వచ్చిన రోజే ఆఫీసులో అర్జెంటు మీటింగు పడుతుంది. "కాళ్లెవలు చూస్తరు మామా, ప్యాంటుంటది గదా" అంటాడు. ఒంట్లోకెల్లా పెద్ద కండలు తొడల్లో, పిరుదుల్లో ఉంటాయన్న సంగతి వాడి ప్యాంటుకు తెలుసుగానీ వాడికి తెలియదు.

పొద్దున్నే ఆరు గుడ్లు ఉడకాలి. తెల్లసొన తిని, పచ్చసొన "ఫ్యాట్" అని తీసి పారేస్తాడు. గుడ్డులో ఉండే 6 గ్రాముల ప్రొటీన్‌లో దాదాపు సగం ఆ పచ్చసొనలోనే ఉంటుంది. ఈ లెక్కన మా ఇంట్లో కండ పట్టిన ప్రాణి గేటు దగ్గర పడుకునే కుక్క ఒక్కటే. పొద్దున గుడ్డులో కొవ్వుకు భయపడ్డవాడు సాయంత్రం మిర్చి బజ్జీల బండి దగ్గర ధైర్యంగా నిలబడతాడు. అదేమంటే "చీట్ మీల్" అంటాడు. ఆ మాట పుట్టాక మనవాళ్లకు పాపభీతి పోయింది.

ఇక దావత్‌లు. పెళ్లి, బారసాల, గృహప్రవేశం, బోనాలు, ఏమీ లేకపోతే ఆదివారం. మన దగ్గర వడ్డించేవాళ్లను వద్దనడం యాభై కిలోలు ఎత్తడం కన్నా కష్టం. "ఇంకో రెండు ముక్కలు ఏస్కో బిడ్డా" అంటుంది పెద్దమ్మ. తర్వాత మేడమీద సీసాలు. చక్కెర గ్రాముకు 4 క్యాలరీలయితే ఆల్కహాల్‌కు 7. పైగా మందు ఎక్కువైతే కండ కట్టే పని మందగిస్తుంది. "ఇయ్యాల ఒక్కరోజే మామా" అంటాడు. ఆ ఒక్కరోజు శుక్రవారం సాయంత్రం మొదలై సోమవారం పొద్దున దాకా సాగుతుంది.

వీటన్నిటికీ ప్రాయశ్చిత్తం ఫ్రిజ్ మీద ఉంది. అదే పౌడర్ డబ్బా. దానితో దిగిన ఫొటోలు చాలానే ఉన్నాయి. పొద్దున ఒక గ్లాసు కలుపుకుని తాగి, మధ్యాహ్నం పళ్లెం నిండా అన్నం, పచ్చిపులుసుతో సరిపెట్టుకుంటాడు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది.  కండల కోసం ప్రొటీన్ సప్లిమెంట్ల జోలికి పోవద్దని 2024లో ఇచ్చిన సూచనల్లో చెప్పింది. బరువులెత్తేవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1.6 గ్రాముల ప్రొటీన్ చాలంటారు. 70 కిలోల మనిషికి దాదాపు 110 గ్రాములు. పప్పు, పెరుగు, గుడ్లు, చికెన్ పూటపూటా తింటే ఆ లెక్క తేలిపోతుంది. కానీ పప్పన్నానికి లైకులు రావు. తార్నాక ఉప్పల్ మీదుగా వెళ్తే దగ్గరే. మావాడు మాత్రం ఫోన్‌లో చొక్కా విప్పుకుని మాట్లాడేవాళ్ల మాటే వింటాడు.

కంటికి కనిపించని పని సంగతికొస్తే, వీరఘట్టంలో పుట్టిన సర్కస్ బలశాలి కోడి రామ్మూర్తి నాయుడు గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్నాడని చెప్పుకుంటాం. జనం చూసింది ఆ ఏనుగునే. అంతకుముందు ఏళ్లపాటు తెల్లవారుజామున చేసిన సాధన చూడటానికి టికెట్ కొన్నవాడు ఒక్కడూ లేడు.

సాధన తర్వాత కావలసింది నిద్ర. జిమ్‌లో కండ అలసిపోతుంది, కోలుకుని పెరిగేది విశ్రాంతిలోనే. మావాడు రాత్రి ఒంటిగంట దాకా కండలు పెంచడమెలాగో రీల్స్ చూస్తూ ఉంటాడు. కనీసం ఏడు గంటలు పడుకోమని, ఫోన్ పక్కన పెట్టమని మొన్న గట్టిగా చెప్పాను. బుద్ధిగా తలూపాడు. సరిగ్గా పదింటికి, కళ్లు మూసుకున్న ఫొటోతో "రికవరీ మోడ్" అని స్టేటస్ పెట్టాడు. దానికి ఎన్ని లైకులొచ్చాయో లెక్కపెడుతూ రెండింటి దాకా మేలుకున్నాడు.