చక్రపాదుకా పద్యం: టీకా తాత్పర్యం

అవతారిక: పద్యం ఏ సందర్భంలో పుట్టిందో తెలిపే ముందుమాటను అవతారిక అంటారు. మడమలో చక్రం దాచుకున్న బూట్లు తొడుక్కుని పిల్లలు షాపింగ్ మాల్‌లో జనం మధ్య జారుతూ పోవడం ఈ పద్యానికి విషయం. కర్త ఎవరో తెలియదు గానీ, పద్యం నడిచిన తీరును బట్టి ఆయన మోకాళ్ల నొప్పులు గలవారనీ, ఆదివారం సాయంత్రం మాల్‌లో కూర్చోవడానికి చోటు దొరకని పెద్దమనుషులలో ఒకరనీ ఊహించవచ్చు. మూలంలో లేనిదేదీ రాయనని ప్రతిజ్ఞ పట్టిన వ్యాఖ్యాత మల్లినాథ సూరి మెదక్ ప్రాంతపు కొల్చారం వాడు. ఈ టీకాకు అంతటి నిగ్రహం లేదు.

మూలం:

మడమ కింద చక్రమహిమతో బాలుండు
మాలునందు జనము మధ్య జారు;
తల్లి పిలుచులోన తగిలెను ముసలమ్మ;
దారి విడువుడనుచు ధరణిఁ గూలె.

ప్రతిపదార్థం: మడమ కింద = పాదపు వెనుక భాగానికి దిగువన, అనగా కొనిచ్చిన వారికి తెలిసి, ద్వారం వద్ద కాపలా ఉన్నవారికి తెలియని చోట; చక్రమహిమతో = చక్రం వల్ల కలిగిన గొప్పతనంతో; బాలుండు = ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లవాడు (బాలికకు సైతం ఇదే అన్వయం); మాలునందు = నాలుగంతస్తుల అంగడిలో; జనము మధ్య = సంచులు మోస్తున్న మనుషుల నడుమ; జారు = అడుగు వేయకుండానే ముందుకు పోవును; తల్లి పిలుచులోన = తల్లి ‘ఒరేయ్’ అని నోరు తెరిచేలోగా; ముసలమ్మ తగిలెను = ఒక వృద్ధురాలు తగిలింది; దారి విడువుడు అనుచు = తప్పుకోండి అంటూ; ధరణిన్ = నేల మీద; కూలెన్ = పడెను.

తాత్పర్యం: చక్రాల బూట్ల పిల్లవాడు మాల్‌లో జారుతూ పోగా, తల్లి పిలిచేలోపే ఒక ముసలమ్మ తగిలింది, ఎవరో పడ్డారు. ఎవరు పడ్డారన్న దాని మీదనే వ్యాఖ్యాతలకు పేచీ. అది ముందుముందు తెలుస్తుంది.

విశేషాలు: ‘చక్రమహిమ’ అన్న సమాసాన్ని కవి ఊరకనే వేయలేదు. కాలికి చక్రం కట్టుకుని జనంలోకి దూరడం కొత్త సంగతి కాదు. బెల్జియంలోని హుయ్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడిన జాన్ జోసెఫ్ మెర్లిన్ అనే యంత్రశిల్పి, 1760ల ప్రాంతంలో సోహో స్క్వేర్‌లోని కార్లైల్ హౌస్‌లో జరిగిన ముసుగుల వేడుకకు చక్రాల బూట్లతో, వయొలిన్ వాయిస్తూ వచ్చి, ఆగే ఉపాయం తెలియక, 500 పౌండ్లకు పైగా ఖరీదు చేసే నిలువుటద్దాన్ని గుద్ది, అద్దాన్నీ వయొలిన్‌నూ పగలగొట్టి, తానూ గాయపడ్డాడని ప్రతీతి. ఆ తరువాత బూట్లకు బ్రేకులు వచ్చాయి, మలుపు తిరిగే ఏర్పాటు వచ్చింది, స్కేటింగ్‌కు వేరుగా రింకులు వచ్చాయి. అంటే చక్రం ఒకవైపు, జనం ఒకవైపు అన్న విభజన స్థిరపడింది. ఆ గోడను తీసేసినవాడు రోజర్ ఆడమ్స్. అమెరికాలోని టకోమాలో తల్లిదండ్రులు నడిపిన స్కేటింగ్ రింకులో చక్రాల మధ్యనే పెరిగిన ఈయన, 1998లో కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ బీచ్‌లో ఉండగా, ఒక బూటు మడమను కోసి, అందులో స్కేట్‌బోర్డు చక్రాన్ని బిగించి చూశాడు. దానినుంచి పుట్టిన హీలీస్ బూట్లు 2000 నాటికి టెక్సాస్ కంపెనీ సరుకై బజారుకెక్కాయి. మన ఊళ్లలో అమ్మేవాటిలో చాలావరకు ఆ వంశానికి చెందిన చవక శాఖలు: పక్కన మీట నొక్కితే చక్రం బయటికి దూకుతుంది, అడుగు పడినప్పుడల్లా రంగు దీపాలు వెలుగుతాయి.

అలంకారశాస్త్రం శబ్దానికి మూడు శక్తులు చెబుతుంది: నేరుగా అర్థాన్నిచ్చేది అభిధ, అది కుదరనప్పుడు దగ్గరి అర్థాన్ని తెచ్చేది లక్షణ, పైకి చెప్పకుండా లోపల స్ఫురింపజేసేది వ్యంజన. పాత రోలర్ స్కేట్‌ది అభిధ. నాలుగు చక్రాలూ కళ్లెదుట కనబడతాయి, కాపలాదారు ద్వారం వద్దనే ఆపగలడు, ఎదురొచ్చేవాడు పది గజాల ముందే పక్కకు జరగగలడు. చక్రపు బూటుది శుద్ధ వ్యంజన; వాచ్యార్థం బూటు, వ్యంగ్యార్థం బండి. లోపలికి నడిచే వచ్చినవాడు లోపల బండి అవుతాడు. అసలు ప్రమాదమంతా ఈ ధ్వనిలో, అనగా పైకి చెప్పని ఈ అర్థంలోనే ఉన్నది. జనసమ్మర్దంలో మనుషులు ఒకరినొకరు గుద్దుకోకుండా నడవగలుగుతున్నారంటే, ఎదుటివాడి భుజం వాలును, మోకాలి వంపును, చూపు పడే దిక్కును చదివి, అతని తరువాతి అడుగు ఎక్కడ పడుతుందో తెలియకుండానే లెక్క కట్టుకుంటున్నారన్న మాట. జారేవాడి దేహంలో అటువంటి సూచన ఒక్కటీ ఉండదు. ఒక కాలు ముందు, ఒక కాలు వెనుక పెట్టి, వేళ్లు పైకెత్తి, బరువు మడమల మీద మోపి నిలబడినవాడు, నిలబడినట్టే కనబడుతూ దగ్గరికి వచ్చేస్తాడు. ‘జారు’ అన్న క్రియను కవి పాదాంతంలో, అందరూ వచ్చి నిలిచిన తరువాత, చడీచప్పుడు లేకుండా పెట్టడంలోని ఔచిత్యం ఇది.

‘మాలునందు’ అన్నచోట ఒక పూర్వపక్షం, అనగా ఖండించడానికి ముందు చెప్పుకునే ఎదుటివారి వాదం, ఉన్నది: పిల్లలు మైదానంలో ఆడుకోవచ్చు గదా, మాల్‌లోనే ఎందుకు? దీనికి సమాధానం చక్రంలోనే దొరుకుతుంది. సైకిల్ చక్రం గతుకును దాటుతుంది గానీ, రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దదైన ఈ చక్రం ఇసుక రేణువుల మధ్య చిక్కుతుంది, గులకరాయి తగిలితే ఠక్కున ఆగుతుంది, ఆగినప్పుడు పైనున్న పిల్లవాడు ఆగడు. కాబట్టి దీనికి నునుపైన నేల కావాలి. మన ఊళ్లలో నునుపైన నేల మాల్‌లోనో, విమానాశ్రయంలోనో, పెద్దాసుపత్రి వరండాలోనో, ఏసీ కల్యాణమండపంలోనో తప్ప లేదు, ఈ నాలుగూ జనంతో నిండినవే. కల్యాణమండపంలో పాయసం ఒలికిన నేల సంగతి వేరే చెప్పనక్కరలేదు. గుడిలో చెప్పులు బయటే విడవాలి గనుక గర్భగుడి చుట్టూ ప్రదక్షిణ చేసేవారికి మాత్రం అభయం. పూర్వపక్షి మరొక మాట కూడా అంటాడు, అది కొట్టిపారేయదగింది కాదు: మైదానాల్లో అపార్ట్‌మెంట్లు కట్టి, వీధులు కార్లకు ఇచ్చి, ఇక మాల్‌లో జారవద్దంటే పిల్లవాడు ఎక్కడ జారాలి? ఇందులో సగం న్యాయం ఉన్నది. మిగతా సగానికి ముసలమ్మ తుంటి ఎముక సాక్షి.

‘తగిలెను ముసలమ్మ’ అన్నదే ఈ పద్యానికి ఆయువుపట్టు. ఇక్కడ ముసలమ్మ ప్రథమావిభక్తిలో, అనగా పని చేసేవారిని తెలిపే రూపంలో ఉన్నది. ‘రాయి తగిలింది’ అన్నప్పుడు రాయి ఎట్లాగో, ‘ముసలమ్మ తగిలింది’ అన్నప్పుడు ముసలమ్మ అట్లాగ. తగిలిన నేరం ఆమెదే అవుతుంది. ఇది బాలుడు తల్లితో చెప్పిన వాంగ్మూలమనీ, కవి దాన్ని యథాతథంగా ఎత్తి రాశాడనీ కొందరి మతం. న్యాయంగా ‘ముసలమ్మకు తగిలెను’ అని ఉండాలి గదా అంటే, ఈ పద్యం ఆటవెలది; దాని బేసి పాదంలో మూడు సూర్యగణాల తరువాత రెండు ఇంద్రగణాలే రావాలి. ‘ముసలమ్మ’ అన్నది సలగణమై సరిపోతుంది, ‘కు’ చేర్చితే గణభంగం. ఛందస్సు కోసం కవి ఒక వృద్ధురాలిని ముద్దాయిని చేశాడు. నిజానికి ఆ వయసులో మనిషి ప్రతి అడుగునూ ముందుగా ఆలోచించుకుని వేస్తుంది. పక్కనుంచి వచ్చిన ఒక్క తాకిడికి సర్దుకోవడానికి కావలసిన రెండో అడుగు ఆమెకు సమయానికి అందదు.

‘దారి విడువుడు’ గ్రాంథికం; లోకంలో వినబడేది ‘సైడ్, సైడ్!’ అన్న కేక. అనుచు అన్నది శత్రర్థకం, అనగా ఒక పని జరుగుతుండగానే మరొకటి జరిగిందని చెప్పే అసమాపక క్రియ. వ్యాకరణం ప్రకారం అనేవాడూ కూలేవాడూ ఒకరే కావాలి. కాబట్టి పడింది బాలుడేనని శాబ్దికుల సిద్ధాంతం. దీనికి వైద్యుల బలం కూడా ఉన్నది: బరువంతా మడమల మీద ఉన్నందున పట్టు తప్పితే వెనక్కి పడతారు, పడుతూ చేతులు ఆనిస్తారు, మణికట్టు దగ్గర ముంజేతి ఎముక విరుగుతుంది. డబ్లిన్‌లోని టెంపుల్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి వైద్యులు 2006 వేసవిలో పది వారాల వ్యవధిలో ఇటువంటి చక్రాల వల్ల గాయపడిన 67 మంది పిల్లలకు చికిత్స చేసి, మరుసటి సంవత్సరం ఆ లెక్కను ప్రకటించారు. గాయాలలో ఎక్కువ భాగం చేతులకే. శిరస్త్రాణమూ మణికట్టు రక్షలూ తొడగాలని వైద్యులు చెప్పారు. అవన్నీ తొడిగితే వ్యంగ్యం వాచ్యమైపోతుంది గనుక, ఏ పిల్లవాడూ తొడగడు. అదే 2006 డిసెంబరులో హీలీస్ కంపెనీ 21 డాలర్ల ధరకు షేర్లు జారీ చేసి నాస్‌డాక్‌లో చేరింది. 2013లో ఆ కంపెనీ చేతులు మారినప్పుడు షేరుకు ముట్టింది 2 డాలర్ల 25 సెంట్లు. ‘ధరణిఁ గూలె’ అన్నదానికి కర్త ఆ షేరేనని వాణిజ్యశాస్త్రజ్ఞుల మతం. పద్యంలో షేరు ప్రస్తావన లేదు గనుక అది అసాధువు. ముసలమ్మే పడిందని మూడో మతం; దీనికి వ్యాకరణం ఒప్పుకోదు గానీ, మాల్‌లో పని చేసే కుర్రవాళ్లు చక్రాల కుర్చీ తెచ్చింది ఆమె కోసమే.

‘తల్లి’ అన్నది ఉపలక్షణం, అనగా ఒకరిని చెప్పి అటువంటి తక్కినవారిని కూడా సూచించడం. ఇందువల్ల సంచులు ఒళ్లో పెట్టుకుని ఫోన్ చూసుకుంటున్న తండ్రి కూడా గ్రాహ్యుడు. ‘పిలుచులోన’ అనడంతో పిలుపు ఆలస్యమైందని కవి సౌమ్యంగా చెప్పాడు. నిజానికి పిలవవలసిన సమయం బూట్లు కొన్ననాడు, కనీసం ఇంటినుంచి బయలుదేరిన వేళ. ఈ జాతి బూట్లలో మేలురకం వాటికి చక్రం ఊడదీసే చిన్న పనిముట్టు, తీసిన చోట బిగించే బిళ్ల పెట్టెలోనే వస్తాయి. చక్రం తీసి ఆ బిళ్ల పెట్టి మాల్‌కు మామూలు బూట్లుగా తొడిగించవచ్చు. ఆ పనిముట్టు ఎక్కడ పెట్టారో తల్లిదండ్రులకు గుర్తు లేదని ఒక పాఠం, గుర్తున్నా కుర్రవాడి ఏడుపుకు జడిసి తీయలేదని మరొక పాఠం. వ్యాఖ్యాతలలో పిల్లలు గలవారంతా రెండో పాఠాన్నే ఆదరించారు.