మూడు ముళ్లూ.. మూసిన మూతా

పెళ్లి ఫొటోలు చెడితే నేరం కెమెరాది. పాపం, అది చెప్పినట్టే చేసింది! ఫిల్మ్ రోజుల్లో రేంజ్‌ఫైండర్ కెమెరాకు మూత తీయకపోయినా పెళ్లికొడుకు నిగనిగలాడుతూ కనిపించేవాడు. చూసే కంత వేరు, లెన్స్ వేరు మరి. రీలు స్పూలుకు పట్టకపోతే 36 ఫొటోలూ గోవిందా. లివర్ లాగినప్పుడు రివైండ్ నాబ్ తిరుగుతోందా అని ఒక్క చూపు చూస్తే చాలు, గుట్టు తెలిసేది. ఆ చూపే కరువు.

‘ఇది డిజిటల్ కాలం, ఆ తిప్పలెక్కడివి?’ అంటారు. నిజమే, మూత ఉంటే తెర నల్లగా ఉంటుంది. కానీ తప్పులు దొడ్డిదారి పట్టాయి. రాత్రి రిసెప్షన్‌కు పెట్టిన ఐఎస్ఓ 6400 పొద్దున ఎండలోనూ అలాగే ఉండిపోతుంది. రెండు కార్డులు పెట్టే కెమెరాలో ఒకే ఫొటోను రెండింటిలోనూ దాచుకోవచ్చు. మన ఫొటోగ్రాఫర్ మొదటిది నిండాకే రెండోదానికి పోయేలా పెట్టి, బీమా ఉందన్న ధీమాతో తిరుగుతాడు. హడావుడిలో ఎవరికైనా జరిగేదేనట! అదే హడావుడిలో పంతులుగారు జీలకర్ర, బెల్లం మరిచిపోవడం లేదే? చివరికి ‘సార్, సూత్రం ఇంకోసారి కట్టినట్టు పట్టుకోండి’ అని బతిమాలతాడు. మొదటిసారి కట్టినప్పుడు అతిథులకు కనిపించింది ఎలాగూ ఫొటోగ్రాఫర్ వీపే.