బల్ల మీది విమాన మేస్త్రీ

నంద్యాల నుంచి వెలుగోడు పోయే దారిలో, బండి ఆత్మకూరు దగ్గర మోటారుసైకిలు మొరాయిస్తే కంగారు పడాల్సిన పని లేదు. మెకానిక్కులున్నారు. జాగ్రత్త పడాల్సిందల్లా షాపు ముందరి బల్లతో. ఏదో పాత బస్సులోంచి ఊడబీకిన సీటది. దాని మీద పొద్దున తొమ్మిదింటికల్లా ఒక పెద్దమనిషి వచ్చి కూర్చుంటాడు. స్పానరు పట్టడు, చేతికి మసి అంటనివ్వడు. ఏ బండి వచ్చినా రోగం పేరు మొదట చెప్పేది మాత్రం ఆయనే.

ఇలాంటి మనిషి లేని ఊరుండదు. ఒక ఊళ్లో ఆయనకు రాజకీయం పట్టి ఉంటుంది, ఇంకో ఊళ్లో క్రికెట్టు, మరో ఊళ్లో షుగరు వ్యాధికి ఆకు పసర్లు. మా ఆయనకు పట్టింది విమానం. ఎక్కే విమానం కాదు, ఇంట్లో కట్టుకునే విమానం. అందుకే ఊరంతా ఏరోప్లేన్ చిన్నాయన అంటారు. వెనకాల అనే పేరు కాదిది, ముఖం మీదే అంటారు. ఆయనకది బిరుదు.

కేసీ కాలువ కింద పొలముంది. కౌలుకిచ్చాడు. కౌలుకిచ్చిన మనిషికి తీరిక, తీరికున్న మనిషికి ఫోను, ఫోనున్న మనిషికి అమెరికా. అక్కడ కార్లు పెట్టుకునే షెడ్లలో జనం విమానాలు కట్టుకుంటారు. దానికో నిబంధన కూడా ఉంది: సగానికి పైగా పని కట్టుకునేవాళ్ల చేతి మీదుగానే జరగాలి. యాభై ఒక్క శాతం అని వాడుక. చిన్నాయనకు ఈ లెక్క మహా నచ్చింది. ఆయన కొలతలో చెప్పడం కూడా చెయ్యడం కిందికే వస్తుంది కనుక, ఎనభై శాతం ఎప్పుడో అయిపోయింది.

ఎవరైనా నవ్వారా, వెంటనే ముంబై తీస్తాడు. అమోల్ యాదవ్ అనే పైలట్ తానుండే అపార్టుమెంటు మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టాడు. 2017లో దానికి రిజిస్ట్రేషను కూడా వచ్చింది. ఇది నిజం. "మేడ మీద కట్టంగ లేంది కొట్టంలో కట్టలేమా?" అంటాడు చిన్నాయన. దిగడానికి జాగా గురించి ఆయనకు దిగులు లేదు. 2021 మార్చిలో ఓర్వకల్లులో విమానాలు మొదలైనాయి కదా. మరుసటేడు జిల్లాలు విడిపోతే విమానాశ్రయం కర్నూలు వాటాకు పోయింది. అయితే దానికి పెట్టిన పేరు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిది, ఉయ్యాలవాడ మన నంద్యాల జిల్లాలో ఉంది. కాబట్టి సగం మనదేనని ఆయన తీర్పు.

ఇంత విమానంలోనూ ఆయన ప్రాణం ఒక్క చోటే ఉంది. రెక్కల్లో కాదు, ఇంజనులో కాదు, రేజ్ వైరులో. పైలటు చేతికి, కార్బొరేటరుకు నడుమ ఉండే వైరు. మోటారుసైకిలుకుండేది దాని తమ్ముడే. ఎందుకా వైరే అంటే నా ఊహ ఒకటుంది. మెకానిక్కు షాపులో తలెత్తితే కనిపించేవి అవే. మేకుకు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి.

వరికి దోమ పడిన రోజుల్లో ఒక కుర్రోడు పవర్ స్ప్రేయరు భుజాన వేసుకుని వచ్చాడు. రేజ్ వైరు పిడి దగ్గర తెగింది. మందు కలిపి పెట్టుకున్నాడట, మొహంలో తొందర. మెకానిక్కు ఒక్క మాట మాట్లాడకుండా గుత్తిలోంచి ఒక వైరు లాగాడు.

"ఆగప్పా" అన్నాడు చిన్నాయన. "ఆ వైరిట్లియ్యి."

తీసుకుని కొలవలేదు, వెల అడగలేదు. పై తొడుగును చేటంత చుట్టగా చుట్టి, లోపలి తీగను రెండు వేళ్లతో మెల్లగా లాగాడు, వదిలాడు, మళ్లీ లాగాడు. కళ్లు మూసుకున్నాడు. నాడి చూసే వైద్యుడు కూడా అంతసేపు మూసుకోడు.

"పట్టుకుంటాంది. వంపు వంపుకూ బిగువు పెరుగుతాది అబ్బాయా. విమానంలోనైతే ఈ వైరు చూసిన చేత్తోనే పారేస్తారు."

"నాది పంపు చిన్నాయనా."

"పంపుకు తెగితే ఏమవుతాది?"

"రేజ్ తగ్గిపోతాది."

"ఆఁ. అవతల స్ప్రింగు మూసేస్తాది. పంపుకదే మేలు, మోటారుసైకిలుకూ అదే మేలు. విమానానికి?"

కుర్రోడు దిక్కులు చూశాడు. మెకానిక్కు చేతిలో స్పానరు కూడా ఆగింది. ఈ ప్రశ్న అతను ఎన్నిసార్లు విన్నాడో తెలియదు కానీ ప్రతిసారీ ఆగుతుంది.

"ఆస్ట్రియా దేశపు రోటాక్స్ 912 అని ఇంజనుంది. ఇంట్లో కట్టుకునే విమానాలకు శానా మంది పెట్టేదదే. దాని స్ప్రింగు మూయదు, తెరుస్తాది. వైరు తెగిందనుకో, ఇంజను ఫుల్లు రేజ్‌లో పోతాది."

"సచ్చిపోరూ?"

"ఆకాశంలో ఇంజను గొంతు తగ్గితే సస్తావు. పెరిగితే యాడికన్నా పోతావు. ఓర్వకల్లు మీదికొచ్చినాక స్విచ్చి ఆపి, గాల్లో తేలతా దిగాల. అంతే."

అక్షరాలా నిజం. చిన్నాయనతో వచ్చిన చిక్కే ఇది. ఆయన చెప్పేవాటిలో తప్పుంటే ఊరికి ఎంత సుఖంగా ఉండేదో! నవ్వి లేచిపోయేవాళ్లం. ఆ ఇంజనుకు కార్బొరేటర్లు రెండు, రెండింటినీ వైర్లు సమంగా లాగకపోతే ఇంజను ఊగిపోతుందని, కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి వెనకబడితే మడక ఏమవుతుందో అదే అవుతుందని చెప్పినప్పుడు, అరక దున్నినవాడెవడూ కాదనలేడు. పోగుల తీగ లాగితేనే పని చేస్తుంది, తోస్తే మడత పడుతుంది, అందుకే దానికి అవతల స్ప్రింగు ఉండి తీరాలి. ఒంటికమ్మి తీగ లాగినా తోసినా కదులుతుంది, కానీ దాన్ని ఎక్కువ వంచకూడదు. ఇంజను రబ్బర్ల మీద కూర్చుని ఊగుతుంది కాబట్టి వైరును బిగలాగి కట్టకూడదు, కాస్త వదులు విడవాలి. సైలెన్సరుకు ఆనుకుంటే లోపలి ప్లాస్టికు కరిగి తీగను పట్టేస్తుంది. పూర్తిగా తెరిచినప్పుడు ముందు ఆగాల్సింది కార్బొరేటరు దగ్గరి కమ్మి, తర్వాతే చేతి పిడి. లేకుంటే రేజ్ పూర్తిగా అందదు. ఇవన్నీ ఆయన నోటి నుంచి వినీ వినీ నాకే కంఠతా వచ్చేశాయి. నాకు స్కూటరు కూడా లేదు.

ఎదురు మాట్లాడిన ఘనత మెకానిక్కుకు ఒకే ఒక్కసారి దక్కింది. రైట్ సోదరులదీ సైకిలు షాపేనని చిన్నాయన ఉపన్యాసం మంచి ఊపులో ఉండగా, "వాళ్ల మొదటి విమానానికి రేజ్ వైరే లేదంట గదా" అన్నాడు. అతనికీ ఫోనుంది. 1903లో ఎగిరిన ఆ ఇంజనుకు మనమనుకునే తీరు రేజ్ నిజంగానే లేదు. చిన్నాయన రెప్ప కూడా వెయ్యలేదు.

"అందుకే పన్నెండు సెకన్లకే దిగిపాయె."

సరే, స్ప్రేయరు. ఎండెక్కుతోంది, కుర్రోడు బల్ల వైపు చూడ్డం మానేసి పొలం వైపు చూస్తున్నాడు. చిన్నాయన జేబులోంచి పురికొస తీసి, పిడి నుంచి కార్బొరేటరు దాకా వంపులు తిప్పి పరిచి, ముడేసి, "ఇదీ కొలత" అని టీ తాగడానికి లేచాడు. బిగించే వేళకు ఆయన ఎప్పుడూ అక్కడ ఉండడు. పెళ్లి కుదిర్చిన పెద్ద, కాపురంలో వేలు పెట్టనట్టు.

మెకానిక్కు ఇంకో వైరు తీశాడు. కొసకు గుండు పెట్టి సీసం కాచి పోశాడు, చల్లారాక కటింగ్ ప్లయరుతో పట్టి గట్టిగా గుంజి చూశాడు. దగ్గరి దారి కదా అని సైలెన్సరు పక్కగానే లాగాడు. టీ కొట్టు వైపు ఒకసారి చూశాడు. అటు ఎవరూ చూడ్డం లేదని రూఢి చేసుకుని, వైరు ఊడదీసి, పురికొస పోయిన దారినే రెండో వైపు తిప్పి కట్టాడు. మాట విన్నట్టు కనపడకూడదు, వినకపోతే పంపు వారంలో మళ్లీ వస్తుంది. తాడు లాగాడు, స్ప్రేయరు అందుకుంది. కుర్రోడు డబ్బులిచ్చి పరుగు.

చిన్నాయన సొంత విమానం సంగతి చెప్పలేదు కదూ. గొడ్ల కొట్టంలో ఉంది. ఇప్పటిదాకా తయారైన భాగం ఒక్కటే, రేజ్ వైరు. అసలు విమానం కట్టేవాళ్లు ఇంజను బిగించి, ముందు పలక నిలబెట్టి, పురికొసతో కొలిచి ఆఖర్న తెప్పించుకునే సామాను అది. ఈయన మొదటే తెప్పించాడు. హైదరాబాదు నుంచి బస్సు పార్శిల్లో వచ్చింది, లోపల టెఫ్లాను పూత ఉన్న మేలు రకం. కొన్నాళ్లు మేకుకు తగిలించి, పండగలకు తుడిచేవాడు. తర్వాత చిన్నమ్మ దాంతో దూడలు బయటికి పోకుండా తడికె కట్టింది. నాలుగు వానాకాలాలు గడిచినా తుప్పు పట్టలేదని చిన్నాయనే స్వయంగా తీసుకెళ్లి చూపిస్తాడు. ఆయన ముఖంలో గర్వమే తప్ప బాధ కనిపించదు.

"మరి ఇంజనెప్పుడు చిన్నాయనా?" అన్నాడు మెకానిక్కు ఆ సాయంత్రం, చేతులు కిరసనాయిలుతో కడుక్కుంటూ.

"చూస్తాండా. ఈ వైరుకు తగ్గ ఇంజను దొరకాల గదా."

"దొరికితే బిగించేది నేనేనా?"

చిన్నాయన బల్ల మీంచి లేచి పంచె దులుపుకున్నాడు.

"బిగించేదేముందిలేప్పా, ఎవురో ఒకరు బిగిస్తారు. సెలెక్షను నాది."