ఆకుపచ్చ గీతల దారి

మొన్న మనవాళ్ల కుర్రాడొకడు ఫోన్ చేశాడు. ఇంగ్లండ్‌లోని ఈ షెఫీల్డ్‌కు వచ్చి ఏడాదయిందట, కొత్తగా మౌంటెన్ బైక్ కొన్నాడట. "అంకుల్, ఇక్కడి అడవుల్లో, మూర్ మీద సైకిలు దారులన్నీ మీకు తెలుసంట కదా, లింకు పంపండి" అన్నాడు. ఆదివారం రా బాబూ, కలిసి వెళదాం అన్నాను. "ఎందుకండీ మీకు శ్రమ, ఫోన్లో దారి చూపే ట్రాక్ ఫైలుంటే చాలు, నేను వెళ్లిపోతా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, మంచి పిల్లాడు. నాకు మాత్రం ఆ రాత్రంతా మనసు మనసులో లేదు.

నేను 1985లో ఆసుపత్రి ఉద్యోగానికి ఈ ఊరొచ్చాను. ఊరికి పడమట కొండలు. కొండల మీద చెట్లు లేని బీడు, దాన్నే ఇక్కడ మూర్ అంటారు. కనుచూపు మేర హెదర్ పొదలు, ఆగస్టులో ఊదారంగు పూలు. మొదటి జీతాల్లో మిగిల్చి పాత సైకిలొకటి కొన్నాను. దాంతోపాటు పసుపుపచ్చ అట్ట ఉన్న ఆర్డ్‌నెన్స్ సర్వే పటం, డార్క్ పీక్ అనే ఈ కొండ ప్రాంతానిది. 1:25,000 కొలత. అంటే నేల మీద కిలోమీటరు కాగితం మీద నాలుగు సెంటీమీటర్లు. గోడ, వాగు, గేటు, ఒంటరి కొట్టం, అన్నీ ఉంటాయి అందులో.

రాత్రి అన్నం తిన్నాక ఆ పటం బల్లమీద పరుచుకోవడం మా రోజుల్లో సగం ప్రయాణం. ఆకుపచ్చ గీతలు రెండు రకాలు. చిన్న చిన్న తునకలుగా ఉంటే కాలిబాట, సైకిలుకు హక్కు లేదు. పొడుగు తునకలైతే బ్రైడిల్‌వే, గుర్రాల దారి. మా గోదావరి జిల్లాలో పుంత అంటాం చూడండి, ఇంచుమించు అదే. చేను ఎవరిదైనా కానీ, పుంత మీద బండి నడుస్తుంది, గొడ్డు నడుస్తుంది, ఎవరూ దున్నుకోకూడదు. ఇక్కడి గుర్రాల దారి మీద సైకిలుకు హక్కు వచ్చింది 1968 నాటి చట్టంతో. దానికో షరతు ఉంది: నడిచేవాళ్లకూ గుర్రాలకూ సైకిలే దారివ్వాలి. ఇప్పటి కుర్రాళ్లలో ఎంతమందికి తెలుసు ఆ షరతు? వంపు తిరగ్గానే గుర్రం ఎదురైతే బ్రేకు వేయరు, కేకేస్తారు.

ఈ కొండల మీద అడుగుపెట్టే హక్కు కోసం జనం దెబ్బలాడారు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్, షెఫీల్డ్ శ్రామికులు వందల మంది కిండర్ స్కౌట్ కొండ మీదికి మూకుమ్మడిగా ఎక్కారు. వాళ్లలో ఐదుగురు జైలుకెళ్లారు. 1951లో ఈ ప్రాంతం బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్క్ అయింది. 2000లో వచ్చిన చట్టం మూర్ మీద స్వేచ్ఛగా తిరగనిచ్చింది, కానీ నడిచేవాళ్లనే, సైకిలును కాదు. ఇప్పుడు ఫోన్లోని సైకిలు యాప్‌లో దారులు గీతలుగా కనిపిస్తాయి, ఒక దారిని ఎంత ఎక్కువమంది తొక్కితే దాని గీత అంత ఎక్కువగా వెలుగుతుంది. అక్కడ తొక్కవచ్చో లేదో ఆ వెలుగు చెప్పదు. పటం చెప్పేది.

పటమూ అన్నీ చెప్పేది కాదులెండి. లాంగ్‌సెట్ నుంచి డెర్వెంట్ లోయలోకి దిగే కట్ గేట్ దారి ఉంది. పటం మీద చక్కటి పొడుగు గీత. మొదటిసారి వెళ్లినప్పుడు మధ్యలో ముందు చక్రం ఇరుసు దాకా దిగబడింది. నల్లటి పీట్ నేల, వేల ఏళ్లుగా నాచు కుళ్లి పేరుకున్న ఊబి. సైకిలు భుజాన వేసుకుని, మోకాళ్ల దాకా బురదతో దాటాను. అవతల లోయలో రాతి వంతెన. లేడీబవర్ జలాశయం కింద మునిగిపోయిన డెర్వెంట్ ఊరిది అది. రాయి రాయి విప్పి దాచి, 1959 నాటికి ఇక్కడ మళ్లీ కట్టారు. పోలవరం ముంపు ఊళ్లు తలుచుకున్నప్పుడల్లా ఆ వంతెన నా కళ్ల ముందుంటుంది. ఆ రోజు దాని మీద కూర్చుని తిన్న పులిహోర రుచి ఇంకే హోటల్లోనూ దొరకలేదు.

ఇలా ఒక్కొక్క దారి. రింగింగ్‌లో అనే పల్లె దగ్గర మొదలయ్యే హౌండ్‌కర్క్ పాత టోల్ రోడ్డు, స్టానేజ్ కొండ మీద బరువులు మోసిన గుర్రాల డెక్కలకు అరిగిన రాతి పలకలు. రైతు కనిపిస్తే దిగి అడిగేవాళ్లం. ఒకాయన గేటు దగ్గర అరగంట నిలబెట్టి చెప్పాడు, ఏప్రిల్ నుంచి జూలై దాకా పిట్టలు నేల మీదే గుడ్లు పెడతాయని, దారి విడిచి పక్కకు పోవద్దని. మన తీతువుకు చుట్టమైన లాప్‌వింగ్ అక్కడ తల మీద తిరుగుతూ అరుస్తుంది. ఆ అరుపు వినిపిస్తే చక్రం దారిలోనే ఉంచాలని ఆయన చెబితే తెలిసింది. దారి వెతుక్కుంటూ పోతే ఇవన్నీ వెంట వచ్చేవి. ఫైలుతో దారొక్కటే వస్తుంది.

నా బాధ ఊరికే కాదు. ఊరికి దగ్గర్లో ఒక ఓక్ అడవి ఉంది, పేరు చెప్పను. అందులో సన్నటి బాట ఒకటి ఆ భూమి యజమానిని అడిగి, ఎండిన నెలల్లోనే తొక్కేవాళ్లం, ముగ్గురం నలుగురం, ఇరవై ఏళ్లు. ఒకసారి ఒక యువకుణ్ణి వెంట తీసుకెళ్లాను. నాకు చెప్పకుండా ఫోన్లో దారంతా రికార్డు చేసి నెట్‌లో పెట్టాడు. ఆ చలికాలం వానల్లో జనం వరసగా వచ్చారు. మూరెడు బాట మూడు గజాలైంది, చెట్ల వేళ్లు బయటపడ్డాయి. వసంతంలో అక్కడ నేలంతా నీలంగా బ్లూబెల్ పూలు విరిసేవి, సగం చోట బురదే మిగిలింది. యజమాని ముళ్లకంచె వేశాడు. ఆయన్ని ఏమనగలను? ఆయన ముందు తలదించుకున్నాను.

కుర్రాళ్లందరినీ ఒకే గాటన కట్టను. లేడీ కానింగ్స్ తోటలో సైకిలు బాట కోసం చందాలు పోగుచేసినవాళ్లు ఉన్నారు. కట్ గేట్ ఊబి బాగుచేయడానికి డబ్బు కూడబెట్టినవాళ్లూ ఉన్నారు. పార పట్టుకుని వానలో కాలువలు తీసేవాళ్లకు నేను రెండు చేతులా దణ్ణం పెడతాను. మా తరం తొక్కింది, ఆనందించింది, పార మాత్రం పట్టలేదు. కానీ పార పట్టినవాడికి నేల తెలుసు. ట్రాక్ ఫైలు పట్టుకుని పోయేవాడికి బాణం గుర్తే తెలుసు.

నా పటం మడతల దగ్గర చిరిగింది, బట్ట అంటించాను. దాని నిండా పెన్సిలు రాతలు: "వాన పడితే వద్దు", "గేటు వేసి వెళ్లాలి", "ఇక్కడ నీళ్లు తాగొచ్చు" అని రాసి కొట్టేసి "గొర్రె చచ్చి ఉంది, వద్దు" అని. ఆ కుర్రాడికి లింకు పంపలేదు. ఆదివారం పొద్దున ఏడింటికి రింగింగ్‌లో దగ్గర ఉంటానని, రెండు ట్యూబులూ పంపూ తెచ్చుకోమని మెసేజ్ పెట్టాను. పటం నేను తెస్తాను.